శిక్ష ముగిసిన పిదప – గాం మల్లుదొర జీవితము

చెఱసాల అన్న మాట వినగానే మన గృహములలో మొదట స్ఫురించునది గోలకొండ కోట. పాల్వంచ పరగణాకు తహశీలుదారుగా నుండి, సర్కారు పైకముతో భద్రాద్రిరామునకు ఆలయము కట్టించిన కంచర్ల గోపన్న, తానీషా ఆజ్ఞచే ఆ కోటలో పండ్రెండేండ్లు బందీగా నుండెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఆయన పడిన బాధను తలచుకొని కన్నీరు పెట్టుదుము. ఆయన విడుదలను తలచుకొని చేతులు జోడింతుము. కాని విడుదలయైన మఱునాటి సంగతి తలచువారు అరుదు. భద్రాచలము ఆయనకు తలుపు మూయలేదు. ఖైదీయని వేలు చూపలేదు. ఆయనను బంధించిన కొట్టు సయితము నేడు యాత్రికులు దర్శించు తావైనది.

చెఱనుండి వెలువడిన ప్రతివానికి ఇట్టి భాగ్యము కలుగునా? న్యాయస్థానము విధించిన శిక్షకు సంవత్సరముల లెక్క యుండును. లోకము విధించు శిక్షకు లెక్క యుండదు. జైలు తలుపు తెఱచుకొనిన పిదప ఆ మనిషికి ఓటు కలదా, ఉద్యోగము కలదా, ఊరి సభలో మాట కలదా, పంక్తిలో విస్తరి కలదా అన్న ప్రశ్నలు మిగిలిపోవును. ఈ ప్రశ్నలకు గ్రంథములలోకంటె ఒక మనిషి జీవితములో స్పష్టమైన సమాధానము దొరకును. ఆ మనిషి మన విశాఖ మన్యమువాడు. ఉరిశిక్ష విధింపబడినవాడు, ద్వీపాంతరమునకు పోయినవాడు, తుదకు భారత లోక్‌సభలో ఆసీనుడైనవాడు. ఆయన పేరు గాం మల్లుదొర.

ఆయన పుట్టిపెరిగిన గూడెం సీమను గూర్చి ముందుగా నాలుగు మాటలు చెప్పుకొనవలెను. తూర్పుకనుమలలోని ఈ కొండప్రాంతము 1839వ సంవత్సరపు 24వ చట్టము క్రింద, మైదాన ప్రాంతపు సామాన్య న్యాయస్థానముల పరిధినుండి తొలగింపబడి, కలెక్టరు చేతిలో ఉంచబడినది. ఆయన గవర్నరుకు ఏజెంటు. అందుచేతనే ఈ సీమకు ఏజెన్సీ అను పేరు వచ్చినది. శిస్తు వసూలు చేయించు అధికారము, శాంతిభద్రతలు చూచు అధికారము, తీర్పు చెప్పు అధికారము ఒకే చేతిలో ఉండెను. ఆ చేతిక్రింద ముఠాదారులు, వారిక్రింద గ్రామ మునసబులు ఉండిరి. 1882లో మదరాసు అటవీచట్టము వచ్చెను. తాతముత్తాతలనాటినుండి కొండవాలున పోడు కొట్టుకొని చోళ్లు, సామలు పండించుకొనుచున్నవారు, తమ అడవిలోనే అపరాధులుగా నిలువవలసిన దినములు ప్రాప్తించెను. అడవిలో ఒక చెట్టు నఱకుట నిన్నటివరకు బ్రతుకు, నేటినుండి నేరము. నేరమనగా ఏమో, ఎవరు దానిని నిర్ణయింతురో, ఈ సీమవారికి ఆ విధముగా తెలిసివచ్చెను.

మల్లుదొర అన్నగారు గాం గంటందొర. ఆయన బట్టిపనుకుల గ్రామ మునసబు. గూడెం డిప్యూటీ తహశీలుదారు బాస్టియన్ ఆ కాలమున నర్సీపట్టణమునుండి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయించుచుండెను. ఆ రోడ్డుపనికి కొండవారిని బలవంతముగా రప్పించి, కూలి సరిగా ఈయక, ఎదురాడినవారిని హింసించెనని చరిత్రకారులు వ్రాసియున్నారు. గంటందొరకును ఆ అధికారికిని వైరము పెరిగెను. మునసబుగిరి పోయెను. ఊరిలో పెద్దగా నిలిచిన కుటుంబము అధికారుల కంటికి అనుమానితుల కుటుంబమాయెను. శిక్ష పడకమునుపే గౌరవము పోవుట ఎట్లుండునో ఆ అన్నదమ్ములు ఈ విధముగా చవిచూచిరి.

అట్టి సమయమున సన్న్యాసివేషమున ఆ కొండలలో సంచరించుచు, జపతపములతోను వైద్యముతోను ప్రజల విశ్వాసమును చూఱగొనిన అల్లూరి సీతారామరాజు వారికి నాయకుడాయెను. 1922 ఆగష్టు 22వ తేదీన చింతపల్లి, 23వ తేదీన కృష్ణదేవిపేట, 24వ తేదీన రాజవొమ్మంగి పోలీసుస్టేషనులు వరుసగా ముట్టడింపబడెను. మూడింటను కలిపి 26 తుపాకులు తిరుగుబాటుదారుల వశమాయెను. రాజవొమ్మంగిలో బంధింపబడియున్న మొట్టడం వీరయ్యదొరను వారు విడిపించుకొనిపోయిరి. గంటందొర, మల్లుదొర ఇరువురును రాజుగారికి కుడియెడమ భుజములవలె నిలిచిరి. ఆ సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో జరిగిన పోరున స్కాట్ కవర్డు, హైటర్ అను ఇద్దరు ఆంగ్లేయ అధికారులు మరణించిరి. అటుపిమ్మట ప్రభుత్వము మలబారు పోలీసులను, అస్సాం రైఫిల్సు దళమును ఈ కొండలలోనికి దింపెను.

మల్లుదొర 1923 సెప్టెంబరులో ప్రభుత్వ బలగముల చేతికి చిక్కెను. ఆయన బందీగా నుండగానే, 1924 మే 7వ తేదీన సీతారామరాజు కొయ్యూరు వద్ద కాల్చి చంపబడెను. ఆ మరుసటి నెల, జూనులో, అన్నగారైన గంటందొరయు పోరులో నేలకొరిగెను. ఏడాది తిరుగకమునుపే నాయకుడును అన్నయు గతించిరి. మిగిలినవాడు తమ్ముడొక్కడు; ఆయన మెడమీద ఉరిత్రాడు. న్యాయస్థానము ఆయనకు మరణశిక్ష విధించెను. తరువాత ఆ శిక్ష యావజ్జీవ ద్వీపాంతరవాసముగా మార్పబడెను.

ద్వీపాంతరవాస మన్నమాట నేటి పిన్నలకు తెలియదు. ఆనాటి భారత శిక్షాస్మృతిలో మరణదండనకు తరువాతి మెట్టు అదియే. దోషిని సముద్రము దాటించి అండమాను దీవులలో ఉంచుట దాని ఆచరణ. శిక్షను విధించినవారి ఉద్దేశము దేహమును బంధించుట మాత్రమే కాదు. మనిషిని అతని నేలనుండి, బంధువులనుండి, దైవమునుండి, భాషనుండి వేరుచేయుట. పోర్టుబ్లెయిరులో 1906 నాటికి కట్టి ముగించిన సెల్యులర్ జైలు ఏడు బాహువులతో, ఒక ఖైదీ మరియొక ఖైదీ మొగము చూడ వీలులేనట్లు నిర్మింపబడినది. కొబ్బరినూనె గానుగను మనుష్యులచేత త్రిప్పించుట, కొబ్బరిపీచు కొట్టించుట అచ్చటి ఖైదీల శ్రమలలో పేరొందినవి. కొండవాగును తప్ప పెద్దనీటిని ఎఱుగని సీమలో పెరిగినవానికి నలుదిక్కుల సముద్రమే గోడయైన చోటు ఎట్టిదో ఊహించుకొనవచ్చును.

ఒక మనిషికి శిక్ష పడినపుడు పోవునది ఒక్క స్వేచ్ఛయే కాదు. మునసబు కుటుంబమువాడన్న పలుకుబడి పోవును. పొలము దున్నువాడు లేక ఇల్లు చిన్నబోవును. పెండ్లికి, చావుకు ఊరివారు పిలుచు పిలుపు పోవును. రాజ్యము దృష్టిలో ఆయన పేరు ఒక అంకెగా మిగులును. ఆనాటి చట్టములు ఇంకొక మెట్టు పైకి పోయినవి. 1935వ సంవత్సరపు భారత ప్రభుత్వ చట్టము, ద్వీపాంతరవాసమో రెండేండ్లకు తక్కువకాని కారాగారమో అనుభవించినవాడు విడుదలైన పిదప అయిదేండ్లు గడచువరకు శాసనసభకు నిలువరాదని శాసించెను. అయితే గూడెం సీమవానికి ఈ నిషేధము విడిగా కనబడనే లేదు. ఏలయన ఏజెన్సీ భూములు ఆ చట్టము క్రింద పాక్షికముగా మినహాయింపబడిన ప్రాంతములు. ఓటుహక్కు ఆస్తిని, పన్నును పట్టి యుండెను. ఏ నేరమును చేయని కొండవానికి సయితము పరిపాలనలో పలుకు లేకుండెను. శిక్షపడినవానికిని పడనివానికిని ఈ విషయమున భేద మంతగా లేని కాలమది.

పదేండ్లకు మించిన బందీజీవితమును గడపి మల్లుదొర విడుదలయ్యెను. తిరిగివచ్చునాటికి ఆయనను నడపిన నాయకుడు లేడు. వెన్నుతట్టిన అన్న లేడు. కృష్ణదేవిపేటలో రాజుగారి సమాధి మాత్రము ఉండెను. ఆయనతో కలసి కొండలెక్కినవారిలో పలువురు మరణించిరి, పలువురు శిక్షలనుభవించిరి. ఊరు ఆయనను ఏమని పిలిచియుండునో మనము కల్పింపనక్కఱలేదు. ఆ ఊరి మన్నన ఎట్టిదో తరువాత జరిగిన సంగతియే చెప్పుచున్నది.

ఇచ్చట ఒక్క క్షణము ఆగి, మాచ్‌ఖండ్ నదికి ఆవలిదరిని చూడవలెను. కోరాపుట్ కొండలలోని తెంతులిగుమ్మ గ్రామమున లక్ష్మణ్ నాయకుడను గిరిజన నాయకుడుండెను. 1942 ఆగష్టులో మత్తిలి పోలీసుస్టేషను వద్ద జరిగిన ఘటనలో ఒక అటవీరక్షకుని మరణమునకు ఆయనను బాధ్యునిచేసి, 1943 మార్చి 29న బరంపురము జైలులో ఉరితీసిరి. ఆయన జీవితము అచ్చటనే ఆగిపోయెను. శిక్ష ముగిసిన పిదప ఆ మనిషి ఏమి కాగలడన్న ప్రశ్నకు అచ్చట తావే లేదు. మల్లుదొర విషయమున ఒక్క మార్పు, ఉరికి బదులు ద్వీపాంతరము, ఆ ప్రశ్నను సజీవముగా ఉంచినది. ప్రాణము మిగిలినచో మనిషి మారుటకును, లోకము మారుటకును కాలము దొరకును.

లోకము మారెను. 1947లో స్వాతంత్ర్యము, 1950లో రాజ్యాంగము వచ్చెను. ఆస్తితోను చదువుతోను నిమిత్తము లేక, ఆనాటి నియమము ప్రకారము 21 ఏండ్లు నిండిన ప్రతి స్త్రీకిని పురుషునికిని ఓటు లభించెను. గిరిజనులకు చట్టసభలలో స్థానములు కేటాయింపబడెను. 1951లో ప్రజాప్రాతినిధ్య చట్టము చేయబడినపుడు, శిక్షపడినవారి విషయమున శాసనకర్తలు పాతచట్టపు మాటనే ఇంచుమించుగా నిలిపిరి. ద్వీపాంతరవాసముగాని, రెండేండ్లకు తక్కువకాని కారాగారముగాని విధింపబడినవాడు విడుదలైన పిదప అయిదేండ్లు గడచిననే అభ్యర్థి కావచ్చును. ఈ నిబంధనను చదువునపుడు మన కన్ను నిషేధముమీదనే నిలుచును. దానిలోని రెండవ సగమును గమనింపవలెను. అయిదేండ్లు గడచిన పిమ్మట నిషేధము లేదు. ఘోరమైన శిక్ష ననుభవించినవాని ఎదుట సయితము తలుపు ఎల్లకాలము మూసియుండరాదని చట్టమే ఒప్పుకొనినది.

ఆ తలుపుగుండనే మల్లుదొర లోనికి వచ్చెను. మొదటి సాధారణ ఎన్నికలలో విశాఖపట్టణము ఇద్దరు సభ్యులను పంపు నియోజకవర్గముగా నుండెను. అచ్చటినుండి డాక్టరు లంకా సుందరముగారును, గాం మల్లుదొరయు లోక్‌సభకు ఎన్నికైరి. ఒకరు అంతర్జాతీయ వ్యవహారములెఱిగిన పండితులు. మరియొకరు అండమానులు చూచివచ్చిన మన్యవీరుడు. ఇరువురికిని ఓటు సమానము, ఆసనము సమానము. మొదటి లోక్‌సభ 1952 మే 13న సమావేశమయ్యెను. ప్రభుత్వముపై యుద్ధము చేసినవాడని ఒకనాడు మరణశిక్ష విధింపబడినవాడు, ఆ దేశపు శాసనములను చేయు సభలో ప్రమాణము చేసి కూర్చుండెను.

ఆ సభ కాలమున అమలులోనికి వచ్చిన మార్పులలో రెంటిని ఈ సందర్భమున స్మరింపవలెను. 1871 నాటి నుండి కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కించిన నేరజాతుల చట్టము 1952 ఆగష్టు 31న రద్దయ్యెను. ఏ నేరమును చేయకయే, ఏ న్యాయాధిపతి ఎదుటను నిలువకయే, తల్లికడుపునుండి నేరస్థుడన్న పేరుతో పుట్టిన లక్షలమంది పేర్లు ఆ పట్టీనుండి తొలగెను. తెలుగునాట ఎఱుకలవారు మొదలగువారు ఈ చట్టము బరువును మోసినవారే. రెండవది, 1955వ సంవత్సరపు 26వ చట్టము. దీనిచే శిక్షాస్మృతిలో యావజ్జీవ ద్వీపాంతరవాసమన్న మాట తొలగి, దాని స్థానమున యావజ్జీవ కారాగారమన్న మాట 1956 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చెను. ఏ శిక్షను తాను అనుభవించెనో, ఆ శిక్ష పేరును చట్టపు పుటలనుండి తుడిచివేసిన సభలో మల్లుదొర సభ్యుడై యుండెను. ఒక మనిషి జీవితకాలములో విధి ఇంతకంటె నిండుగా తిరుగుట అరుదు.

మొదటి లోక్‌సభ కాలము 1957లో ముగిసెను. మల్లుదొర కన్నుమూసి దశాబ్దములు గడచినవి. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రముగా ఈ కొండసీమ యంతయు ఒక జిల్లాగా ఏర్పడినపుడు, దానికి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టబడెను. రాజుగారి పేరును, ఆయన అనుచరుల పేర్లను నేరస్థుల పట్టీలలో వ్రాసిన ప్రభుత్వము పోయినది. ఆ పేరే నేడు ప్రతి ప్రభుత్వ కాగితముపైనను అచ్చగుచున్నది.

ఈ జిల్లా ఉత్తరపు కొసన, ఒడిశా సరిహద్దున ఉన్నది ముంచింగిపుట్టు. పాడేరునుండి పెదబయలు మీదుగా పోవు దారి అది. ఆవలికి పోయిన జోలాపుట్ జలాశయము, డుడుమ జలపాతము, 1955లో ఆరంభమైన మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రము. పోర్జాలు, బగతలు, కొండదొరలు, గదబలు, కోటియాలు మొదలగు గిరిజనులు ఆ గ్రామములలో నివసించుచున్నారు. మల్లుదొర ఊరు అది కాదు. కాని ఆయన జీవితము లేవనెత్తిన ప్రశ్న నేడు అక్కడి ఇండ్లలో మరియొక రూపమున నిలిచియున్నది. అందుచేత ఆ ఊరిని ఇచ్చట తలచుకొనుట.

ఆ సరిహద్దు కొండలలో గంజాయి వ్యాపారము కొన్ని దశాబ్దములుగా వేరుబారినది. పెట్టుబడి పెట్టువారు దూరపు నగరములవారు. పండించువారును, మూటను భుజాన మోయువారును తఱచుగా కొండ యువకులు. 2021లో పోలీసులు పరివర్తన యను పేరుతో ఈ ఏజెన్సీలో వేలాది ఎకరముల గంజాయి తోటలను నఱికి కాల్చివేసిరి. మత్తుపదార్థములకు సంబంధించిన 1985వ సంవత్సరపు చట్టము మిక్కిలి కఠినమైనది. ఆ చట్టము క్రింద 20 కిలోలకు మించిన గంజాయి వాణిజ్య పరిమాణము. దానితో పట్టుబడి నేరము రుజువైనచో పదేండ్లకు తగ్గని, ఇరువదేండ్లవరకు పోగల కఠినశిక్ష, లక్షకు తగ్గని జుల్మానా పడును. బెయిలు దొరకుటయు మిగుల కష్టము. అనగా ఒక రాత్రి మూట మోసినందుకు వచ్చు కూలికై ఒక యువకుడు పోగొట్టుకొను కాలము, మల్లుదొర కోల్పోయిన కాలమునకు ఇంచుమించు సమానము.

ఈ ఇరువురిని ఒకే త్రాసులో తూచుట లేదు. ఒకరు తన జనుల కష్టమును చూడలేక ఆయుధము పట్టినవాడు. మరియొకడు పరుల ఇండ్లలో చిచ్చు పెట్టు సరకును మోసినవాడు. మత్తుకు బానిసలైన బిడ్డలను చూచి ఏడ్చు తల్లుల దుఃఖము చిన్నది కాదు. ఆ శిక్ష న్యాయమే. కాని శిక్ష న్యాయమైనదన్న మాటకు అర్థము, దానికి కొలతయు ముగింపును కలవన్నదే. పదేండ్లు విధించిన న్యాయాధిపతి పదకొండవ ఏటిని విధింపలేదు. ఆ పదకొండవ ఏటినుండి ఆరంభమగు జీవితమును గూర్చియే మనము ఆలోచింపవలసియున్నది.

ఆ జీవితమున చట్టము ఏమి మిగిల్చినదో, ఏమి తీసికొనినదో తెలియక పలువురు తమకిక ఏ హక్కును లేదని నిరాశపడుచున్నారు. కావున ముఖ్యమైనవి చెప్పుట మేలు. ఆరోపణ వచ్చినంతమాత్రమున ఎవడును దోషి కాడు. తీర్పు వెలువడువరకు అతడు నిందితుడు మాత్రమే. శిక్ష ననుభవించుచు జైలులో నున్నవాడు ఓటు వేయరాదు. విడుదలైన దినమునుండి ఆ హక్కు అతనికి తిరిగి వచ్చును. ఓటర్ల జాబితాలో పేరు లేనిచో వ్రాయించుకొనవచ్చును. అమెరికాలోని కొన్ని రాష్ట్రములలో ఘోరనేరము చేసినవాడు శిక్ష ముగిసిన పిదపను ఓటుకై ఎదురుచూడవలసియుండును. మన దేశమున అట్టి నియమము లేదు. అభ్యర్థిగా నిలుచు విషయమున మాత్రము కాలము పెరిగినది. రెండేండ్లకు తగ్గని శిక్షపడినవాడు శిక్షాకాలమున, ఆ పైన విడుదలైన పిదప ఆరేండ్లు పార్లమెంటుకుగాని శాసనసభకుగాని నిలువరాదు. గంజాయి కేసులో ఎంత తక్కువ శిక్షపడినను ఈ నిషేధము వర్తించును. 1951లో అయిదేండ్లుగా నున్నది నేడు ఆరేండ్లు. కాని నేటికిని ఇది ముగియు నిషేధమే, ముగియనిది కాదు.

ఉద్యోగము సంగతి ఇంతకంటె జటిలమైనది. ప్రభుత్వోద్యోగమునకు పోవువాడు తనపై గల కేసులను, శిక్షలను దరఖాస్తులో వ్రాయవలసియుండును. పోలీసు విచారణయు జరుగును. దాచినచో, దాచుటయే వేరొక తప్పుగా మారి, వచ్చిన ఉద్యోగము ఊడును. ఉన్నది ఉన్నట్లు చెప్పినచో, నేర మెట్టిది, ఉద్యోగ మెట్టిది అన్నవానిని చూచి అధికారి నిర్ణయింపవచ్చునని సుప్రీంకోర్టు 2016లో తీర్పు చెప్పినది. కొన్ని నేరములలో రెండేండ్లకు తగ్గని శిక్షపడినవానికి తీర్పునాటినుండి అయిదేండ్లవరకు పాస్‌పోర్టు నిరాకరింపవచ్చును. చిన్న తప్పులు చేసినవారికి 1958వ సంవత్సరపు ప్రొబేషను చట్టము ఒక దారి చూపినది. న్యాయస్థానము మందలించియో, సత్ప్రవర్తన హామీపైననో విడిచిపుచ్చినవానికి, ఆ నేరము కారణముగా ఏ అనర్హతయు అంటరాదు. గంజాయి కేసులలో పదునెనిమిదేండ్లు నిండినవారికి ఈ దారి సాధారణముగా మూసియుండును. ఆ వయస్సు నిండని బాలుని నేరము సాధారణముగా అతని భవిష్యత్తుకు అడ్డు కారాదని బాలల న్యాయచట్టము చెప్పుచున్నది. గిరిజనుడైనవాడు శిక్షపడినందువలన గిరిజనుడు కాకపోడు. ఆ ధ్రువపత్రము అతనిది, అతని బిడ్డలది. మఱియు 1987వ సంవత్సరపు న్యాయసేవల చట్టము క్రింద గిరిజనులకు ఆదాయముతో నిమిత్తము లేక ఉచితముగా న్యాయవాది లభించును. ఈ ఒక్క సంగతి తెలియక, రూపాయి లేదన్న భయముతో తీర్పునకు తల వంచినవారు ఉన్నారు.

చట్టము చేయగలిగినది ఇంతవరకే. తిరిగివచ్చినవానిని పనిలో పెట్టుకొమ్మని చట్టము మన చేయి పట్టుకొని చెప్పదు. అతని చెల్లెలికి సంబంధము తప్పిపోకుండ చూడదు. అతని బిడ్డను బడిలో తోటిబాలురు ఏ పేరుతో పిలుచుచున్నారో వినదు. అది మన పని. ఇందుకు మన పెద్దలు మనకు మాదిరి చూపకపోలేదు. లంకనుండి వచ్చి ఆకాశమున నిలిచిన విభీషణుని గూర్చి సుగ్రీవాదులు సందేహించిరి. శత్రువుల ఇంటివాడు, రాక్షసుడు, వేగువాడై యుండునని తలచిరి. ఆ సందేహములో అవివేకము లేదు. అయినను శరణు జొచ్చినవానిని శ్రీరాముడు స్వీకరించెను. దారులు కాచి యాత్రికులను దోచినవాడని చెప్పబడు తిరుమంగై మన్నుడు ఆళ్వారులలో ఒకడై, నేటికిని ప్రతి వైష్ణవాలయమున పూజలందుకొనుచున్నాడు. ఆయన పూర్వచరిత్రను ఆచార్యులు దాచలేదు. ఆ చరిత్రను చెప్పుచునే ఆయనకు మంగళాశాసనము చేయుచున్నారు. దాచక చెప్పుట, చెప్పియు గౌరవించుట – ఈ రెండును కలసి ఉండగలవని ఆ పద్ధతి మనకు నేర్పుచున్నది.

మల్లుదొర విషయమున విశాఖ ప్రజలు చేసినది అదియే. ఆయనకు పడిన శిక్ష ఏదో, ఎందుకు పడినదో ఎఱుగనివారు ఆనాడు అరుదు. ఎఱిగియే ఓటు వేసిరి. చట్టము తలుపు గడియ తీసినది. లోనికి రమ్మని పిలిచినది ప్రజలు. గడియ తీసిన తలుపు ఎదుట పిలుచువారు లేక నిలిచిపోయిన మనుష్యులు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. ఇక మీద కొండదారుల వెంట తీర్థములకు పోవునపుడు, సంతలో దుంపలో పసుపో అమ్ముచు, ఎవరి కన్నుల లోనికిని చూడలేక తల వంచుకొని కూర్చున్న యువకుడొకడు కనబడినచో, అతని గతమును తవ్వక, అతని సరకును సరియైన వెలకు కొని, పేరు పెట్టి పలుకరింపుడు. అతనికి న్యాయాధిపతి విధించిన సంవత్సరములు ముగిసియుండవచ్చును. మనము విధించిన సంవత్సరములను ముగింపవలసినవారము మనమే.